ఇంటిపట్టున: ఎముక దారిన వచ్చే మాట

పోయిన నెల ఈ శీర్షికలో ఊరగాయ జాడీలు బూజు పట్టకుండా చూసుకొనే సంగతి వ్రాసినాము. దానికి ఉత్తరాలు వ్రాసిన అక్కలకు, వదినలకు నమస్కారములు. ఈ నెల కూడా తినే వస్తువుతోనే ఎత్తుకొంటున్నాము. ఐతే పోయే ఊరు వేరు.

మన కోవిల్‌పట్టి కడలమిఠాయి ఎరుగని ఇల్లు ఈ పత్రిక చదివేవారిలో ఉండదు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. ఒక ముక్క నోట వేసుకొని నమలండి. కరకర వినబడుతుంది. ఇప్పుడు రెండు చూపుడు వేళ్లతో రెండు చెవులూ గట్టిగా మూసుకొని మళ్లీ నమలండి. చెవులు మూస్తే శబ్దం తగ్గవలె గదా? తగ్గదు. తల లోపల నూనె గానుగ తిరిగినట్లు ఇంకా పెద్దదవుతుంది. పిల్లల చేత చేయించి చూడండి, నవ్వి నవ్వి అలసిపోతారు.

ఆ శబ్దం పళ్ల నుంచి దవడకు, దవడ నుంచి కపాలానికి, అక్కడి నుంచి లోపలి చెవికి ఎముక మీదుగానే పోయినది. మనకు శబ్దం చేరడానికి దారులు రెండు. ఒకటి గాలి దారి. చెవి డొప్ప పట్టిన శబ్దం రంధ్రంలో దూరి, కర్ణభేరిని కదిలించి, దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకల మీదుగా నత్తగుల్ల వలె చుట్టుకొని ఉన్న లోపలి చెవికి చేరుతుంది. రెండవది ఎముక దారి. అది వాకిలి తట్టకుండా, గోడ అదిరించి లోపలి గదిలోకి పోయే దారి. మన గొంతును యంత్రంలో పట్టి వినిపిస్తే "ఇది నా గొంతేనా" అని తెల్లబోతాము. మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు రెండు దారులలోనూ వినబడుతుంది, యంత్రం నుంచి వచ్చేది గాలి దారినే వస్తుంది. తేడా అంతే.

ఈ రెండవ దారిని గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నామంటే, మా ఇంటి బిడ్డకు మొదటి దారి లేదు.

2020 ఫిబ్రవరిలో శివరాత్రికి మా వాళ్లందరం ఇలవేల్పు గుడికి పోయినాము. మా చెల్లెలి కొడుక్కు అప్పుడు మూడో ఏడు నడుస్తున్నది. పుట్టువెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించే మొక్కు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించడం మన ఆచారం గదా. ఒడి మాది. కమ్మలూ మేమే చేయించినాము. వాని పేరు ఇక్కడ వ్రాయము. రేపు పెద్దవాడై ఈ పత్రిక తీసి, "మామా, నన్నెందుకు రచ్చకెక్కించినావు?" అని అడిగితే జవాబు చెప్పలేము.

వానికి రెండు చెవులూ పుట్టుకతోనే చిన్నవి. డొప్ప లేదు. వేరుశనగ గింజంత కండ, దాని క్రింద చిన్న తమ్మె, అంతే. రంధ్రం లేదు. డొప్ప ఇట్లా చిన్నదై పుట్టడాన్ని డాక్టర్లు మైక్రోషియా అంటారు, రంధ్రం మూసుకొని ఉండడాన్ని అట్రీషియా అంటారు. కుట్టడానికి వచ్చిన ఆచారి సూది పట్టుకొని వాని చెవిని చూచి, మా ముఖం చూచి, సూదిని మళ్లీ తట్టలో పెట్టినాడు. ఎవరూ పలకలేదు. ఒక పెద్దమ్మ మాత్రం, "వినబడని బిడ్డకు చెవులు కుట్టి ఏమి లాభం?" అన్నది. మా చెల్లెలు కొంగు నోట కుక్కుకొని గుడి వెనకకు పోయినది.

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఊరుకోబెట్టడానికి, గుండు చేసి చందనం పూసిన వాని నెత్తి మీద మా గడ్డం ఆనించి, మా అమ్మ పాడే జోలను గొంతులోనే సన్నగా రాగం తీసినాము. వాడు ఏడుపు ఆపినాడు. మేము రాగం ఆపితే, చేయెత్తి మా గడ్డం పట్టుకొని మళ్లీ తన నెత్తి మీదకు లాక్కొన్నాడు. మళ్లీ తీసినాము. ఈసారి వాడు కూడా "ఊఁ" అన్నాడు. అదే శ్రుతిలో అన్నాడు.

తర్వాత మా చెల్లెలితో ఈ సంగతి చెబితే, "అన్నా, రాత్రిళ్లు నా గడ్డం వాని తలకు ఆనిస్తేనే వాడు నిద్రపోయేది. నేను అది వాని అలవాటనుకొన్నాను" అన్నది. వినబడదని మేమందరం అనుకొన్న బిడ్డ రెండేళ్లుగా తల్లి పాట ఎముక దారిన వింటూనే ఉన్నాడు.

తల్లికి చేతనైన ఈ ఉపాయం శాస్త్రానికి కొత్తది కాదు. 16వ శతాబ్దంలో ఇటలీ దేశపు వైద్యుడు కార్డానో, పళ్లతో పట్టుకొన్న కడ్డీ మీదుగా శబ్దం వినవచ్చునని వ్రాసినాడు. 1877లో పాటపెట్టెను కనిపెట్టిన ఎడిసన్‌కు చెవుడు ఉండేది. ఆయన పెట్టె చెక్కను పళ్లతో కరచి పట్టుకొని సంగీతం వినేవాడు. 1977లో స్వీడన్ దేశంలోని గోథెన్‌బర్గ్‌లో ట్యెల్‌స్ట్రోమ్ అనే డాక్టరు, బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కలిసి, చెవి వెనక ఎముకలో చిన్న టైటానియం మర బిగించి, దాని మీద వినికిడి యంత్రం తగిలించే పద్ధతిని మొదలుపెట్టినారు. ఈనాడు శస్త్రచికిత్స లేకుండానే, తలకు చుట్టే మెత్తని సాగే పట్టీకి ఆ యంత్రాన్ని తగిలించి చంటిబిడ్డలకు సైతం పెడుతున్నారు. దాన్ని సాఫ్ట్‌బ్యాండ్ అంటారు.

ఇక్కడ తల్లుల కోసం ఒక మాట. మా చెల్లెలిని చుట్టాలు అడగని ప్రశ్న లేదు. కడుపుతో ఉన్నప్పుడు 2017 ఆగస్టు 7న చంద్రగ్రహణం వచ్చినది. ఆ రాత్రి కూరగాయలు కోసినావా, బయటికి వచ్చినావా, సూది పట్టినావా అని. ఈ లోపం ఏర్పడేది గర్భంలో మొదటి మూడు నెలలలోనే. ఆ గ్రహణం నాటికి మా చెల్లెలికి నాలుగు నెలలు నిండినవి. ఆ లెక్క తప్పినా, గ్రహణం చెవిని కోయదు. ఆ రాత్రి అదే చంద్రుని క్రింద ఎన్ని వేలమంది గర్భిణులు ఉన్నారో, వారి బిడ్డలందరి చెవులూ చూడండి. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ వంటి కొన్ని మందులు గర్భంలో ఈ హాని చేస్తాయని రుజువైనది. అట్లాంటివి కాక, చాలమందిలో కారణం ఇదీ అని తేలదు. సుమారు 6 వేల నుంచి 12 వేల పుట్టుకలకు ఒకరు ఇట్లా పుడతారు. ఎక్కువమందికి ఒక చెవే, అందులోనూ కుడి చెవే ఎక్కువ. తల్లిని బోనులో నిలబెట్టే పని మనం మానుకోవాలె.

డొప్ప లేనంత మాత్రాన లోపలి చెవి లేదని కాదు. గర్భంలో వాకిలి కట్టే మేస్త్రీ వేరు, లోపలి గది కట్టే మేస్త్రీ వేరు. డొప్ప, రంధ్రం, మధ్య చెవి ఒక చోటి నుంచి పెరుగుతాయి. నత్తగుల్ల వంటి లోపలి చెవి మరొక చోటి నుంచి పెరుగుతుంది. అందువల్ల వాకిలి మూసుకొనిపోయినా గదిలో దీపం వెలుగుతూనే ఉండడం చాలమంది పిల్లల విషయంలో జరిగేదే. అందరికీ అట్లా ఉండదు గనుక పరీక్ష చేయించి తెలుసుకోవాలె. వాకిలి మూతపడినందువల్ల కలిగే వినికిడి నష్టం సుమారు 40 నుంచి 60 డెసిబెల్ దాకా ఉంటుంది. మనం పక్కన కూర్చొని మాట్లాడుకొనే మాట 60 డెసిబెల్ చిల్లర. అంటే అట్లాంటి బిడ్డకు మన మాట గుసగుసగా చేరుతుంది, లేదా చేరనే చేరదు.

ఇక మా వాని కథ. గుడి నుంచి వచ్చిన వెంటనే మదురైకి పోదామనుకొన్నాము. మార్చి నెలాఖరుకు దేశమంతా కరోనా తలుపులు వేసుకొన్నది. నెలలు గడిచినవి. ఆ ఏడు చివరికి గాని పరీక్ష కాలేదు. బిడ్డను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, శబ్దానికి మెదడు పలికే తీరు చూచే బెరా అనే పరీక్ష అది. గాలి దారిన 60 డెసిబెల్ దాకా పలుకు లేదు. చెవి వెనక ఎముకకు చిన్న కంపన యంత్రం ఆనించి చూస్తే 20కే పలికినది. లోపలి గదిలో దీపం ఉన్నదన్నమాట.

పుట్టిన నెలలోపల వినికిడి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల తగిన సాయం. వైద్యులు పెట్టుకొన్న లెక్క ఇది. మాటలు నేర్చే మెదడు మొదటి ఏళ్లలోనే వేళ్లు పాతుకుంటుంది గనుక ఈ తొందర. మేము మూడేళ్లు పోగొట్టినాము. కరోనా మీద నెట్టేది కొన్ని నెలలే. మిగిలినది మా తెలివితక్కువ. అంతకు ముందు ఒక శిబిరంలో వానికి ఉచితంగా ఒక వినికిడి యంత్రం ఇచ్చినారు. అది చెవి రంధ్రంలో పెట్టవలసిన రకం. రంధ్రమే లేని బిడ్డకు ఎక్కడ పెట్టేది? ఇచ్చినవారు చూడలేదు, తీసుకొన్నవారం అడగలేదు. అది ఈనాటికీ డబ్బీలోనే ఉన్నది.

తలుపులు మూసి ఉన్న ఆ కాలంలోనే చెన్నైలో ఉన్న మా పెదనాన్న కొడుకు ఒక వస్తువు పంపినాడు. పొద్దున పరుగెత్తేవారు పెట్టుకొనే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్. మామూలు హెడ్‌ఫోన్ వలె చెవిలో పెట్టేది కాదు. చెంప ఎముక మీద, చెవికి ముందు ఆనుతుంది. శబ్దాన్ని కంపనంగా మార్చి ఎముకకు ఇస్తుంది. కాని దానికి చెవి మీద తగిలించే కొక్కెం. మా వానికి తగిలించేందుకు డొప్ప ఏది? మా చెల్లెలు పాత చీర అంచు చింపి, గుండీ పెట్టి, తలకు చుట్టే పట్టీ కుట్టి అందులో దాన్ని బిగించినది.

కోవిల్‌పట్టి పక్క పల్లెలో మా అమ్మ ఒంటరిగా ఉండేది. బస్సులు లేవు. రాత్రి ఏడు గంటలకు ఫోను చేసి మనుమనికి కథ చెప్పేది. ఆ పట్టీ కట్టుకొని మొదటి రోజు కథ విన్నప్పుడు వాడు కదలలేదు. నోరు తెరచి, ఫోను వైపు చూడక, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగు రోజుల తర్వాత కథ మధ్యలో "అవ్వ" అన్నాడు. ఫోనులో అటువైపు చాలసేపు మాట లేదు.

ఆ ఆనందంలోనే మేము పెద్ద తప్పు చేసినాము. "ఇంకేమమ్మా, ఇది చాలు. లక్షలు పోసి ఆ యంత్రం ఎందుకు?" అని మా చెల్లెలికి చెప్పినది మేమే. మరో అయిదు నెలలు అట్లా గడిచినవి. ఒకనాడు పొయ్యి మీద నూనె చిట్లుతుంటే తల్లి "దగ్గరికి రావద్దురా" అని కేక వేసినది. హెడ్‌ఫోన్ తల మీదే ఉన్నది. వాడు నవ్వుకొంటూ వచ్చినాడు. చేతి మీద రెండు బొబ్బలు పడినవి. దేవుని దయ, అంతటితో పోయినది.

ఆనాడు మాకు బుద్ధి వచ్చినది. హెడ్‌ఫోన్ ఫోను మాటను మోసుకొస్తుంది గాని, ఇంట్లో మాటను మోసుకురాదు. తల్లి కేక, పాలవాని గంట, వెనక వచ్చే బండి హారను, బడిలో పంతులమ్మ మాట, ఇవేవీ దానికి తెలియవు. వినికిడి యంత్రానికి చుట్టూ ఉన్న శబ్దాన్ని పట్టే మైకు ఉంటుంది. పట్టిన దానిని బిడ్డ పరీక్ష చీటీని బట్టి పెంచి, ఎముకకు ఇచ్చే అమరిక ఉంటుంది. చూడడానికి రెండూ చుట్టాల వలె ఉంటాయి గాని, చేసే పని వేరు. హెడ్‌ఫోన్ వేలలో దొరుకుతుంది, సాఫ్ట్‌బ్యాండ్ యంత్రం లక్ష దాటుతుంది. అందువల్లనే మా వంటివారికి భ్రమ కలుగుతుంది. చివరికి చుట్టాలందరం తలా కొంత వేసుకొని 2021లో వానికి పట్టీ యంత్రం పెట్టించినాము. ఒకవైపు ఆనించినా కపాలం మీదుగా శబ్దం రెండు లోపలి చెవులకూ చేరుతుందని చెప్పి, మొదట ఒకటే పెట్టినారు.

ఐతే హెడ్‌ఫోన్ పనికిరానిదని అనడం లేదు. దాని పని దానికున్నది. ఫోనులో అవ్వతో మాట్లాడడానికి, పాఠాలు, పాటలు వినడానికి, చెవి రంధ్రం లేని పిల్లలకు అంత సుళువైనది మరొకటి లేదు. లోపలి చెవి బాగా ఉన్నందువల్ల వారికి ఎక్కువ గట్టిగా పెట్టనక్కర లేదు, దారి మార్చితే చాలు. ఎముక దారిన పోతే చెవికి హాని లేదని కొందరు అంటారు. అది పొరపాటు. ఏ దారిన పోయినా చేరేది ఆ ఒక్క లోపలి చెవికే. హెడ్‌ఫోన్లు పెట్టుకొని వినే పిల్లలకు 75 డెసిబెల్ మించకుండా, వారానికి 40 గంటలు దాటకుండా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. ఎముక యంత్రాలలో డెసిబెల్ కొలిచేందుకు ఇంట్లో సాధనం లేదు గనుక, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుకు ఆ హెడ్‌ఫోన్‌ను ఒకసారి చూపించి ఎంతలో పెట్టవలెనో గుర్తు వేయించుకోవడం మంచిది. లోపలి చెవి కూడా దెబ్బతిన్న పిల్లలకు ఇది చాలదు. ఒక చెవి బాగా ఉన్న పిల్లలకు మాట ఆ చెవితోనే వచ్చును. కాని శబ్దం ఏ వైపు నుంచి వస్తున్నదో వారికి తెలియడం కష్టం. రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవాలె. బడిలో మంచి చెవి పంతులు వైపు ఉండేట్లు కూర్చోబెట్టమని అడగాలె.

ఇప్పుడు మన భాష సంగతి. యంత్రం పెట్టిన కొత్తలో మాటలు నేర్పే ఒకరు, "ఈ బిడ్డకు రెండు భాషలు బరువు. బడిలో తమిళం గనుక ఇంట్లోనూ తమిళమే మాట్లాడండి" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఇంట్లో అందరం తమిళానికి మారినాము. మా అమ్మకు తమిళం రాక కాదు, సంతలోనూ బస్సులోనూ మాట్లాడుతుంది. కాని కథ తెలుగులో తప్ప రాదు. రాత్రి ఏడు గంటల ఫోను ఆగిపోయినది. మూడు నెలలు ఆమె మనుమనితో "సాప్పిట్టియా" అని మాత్రం అడిగి ఫోను పెట్టేసేది.

మన తెలుగు ఎక్కడ ఉన్నదో ఆలోచించండి. బడిలో లేదు, బోర్డు మీద లేదు, కోర్టు కాగితంలో లేదు. వందల ఏళ్లుగా నోటి నుంచి చెవికి, ఆ చెవి నుంచి మరొక నోటికి వచ్చినది. కోవిల్‌పట్టి చేరువ ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు పెద్దల నోట విన్న వలస కథలనే 1976లో "గోపల్ల గ్రామం" అనే తమిళ నవలగా వ్రాసినారు. ఇంట్లో మాట తెలుగు, వ్రాత తమిళం. ఒకటి మరొకదానికి అడ్డు వచ్చినదా? మన ఇళ్లలో ఒక బిడ్డకు చెవి దారి మూస్తే తెలుగు దారి కూడా మూసినట్లే. వానికి అవ్వ పోయినట్లే.

తర్వాత పరీక్షకు పోయినప్పుడు అక్కడి ఆడియాలజిస్టును ఈ మాట అడిగినాము. ఆమె చెప్పినది ఇది. వినికిడి లోపమున్న పిల్లలు రెండు భాషలు నేర్చుకోగలరని ఇటీవలి పరిశోధనలు తేల్చినవి. తల్లికి ఏ భాష ధారాళంగా వస్తుందో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడాలె. తడబడుతూ మాట్లాడే పరాయి భాష కంటే నిండుగా మాట్లాడే ఇంటి భాష మేలు. బిడ్డకు కావలసినది ఎక్కువ మాట, ఎదురుగా కూర్చొని చెప్పే మాట. ఆ సాయంత్రం ఏడు గంటలకు మేమే ఫోను కలిపి, "అమ్మా, కథ చెప్పు" అన్నాము.

ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉన్నవారికి, ఆఫీసు కాగితాలు తిరగేసే అలవాటు కొద్దీ నాలుగు మాటలు. పుట్టిన వెంటనే రెండు చెవులకూ పరీక్ష అడగండి. ఒక చెవి చక్కగా కనబడినా దానిని కూడా పరీక్షించవలసినదే. బెరా పరీక్షలో గాలి దారి, ఎముక దారి రెండూ చూచినారా అని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలలోనూ ప్రభుత్వ బడులలోనూ పిల్లలకు ఉచిత పరీక్షలున్నవి. జిల్లాలోని బాల్య సత్వర చికిత్సా కేంద్రానికి అక్కడి నుంచి పంపుతారు. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. మదురై, తిరునెల్వేలి, తూత్తుక్కుడి కళాశాల ఆసుపత్రులు ముందే ఉన్నవి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 60 డెసిబెల్ నష్టముంటే వినికిడి లోపం క్రింద లెక్కకు వస్తుంది. ఒక్క చెవి లోపానికి ఆ లెక్క కుదరదు. ముఖ్యమంత్రి బీమా పథకంలో చిన్నపిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స గురించి విని చాలమంది దానికే పరుగెత్తుతారు. అది లోపలి చెవి చెడినవారికి. లోపలి చెవి బాగా ఉన్న మన బిడ్డకు అది కాదు. పరీక్ష చీటీలన్నీ తేదీల వరుసన ఒక ఫైలులో కుట్టి ఉంచండి.

ఇంకొకటి. డొప్పను ప్రక్కటెముక మృదులాస్థితో కట్టే శస్త్రచికిత్సను సాధారణంగా 6 నుంచి 10 ఏళ్ల మధ్య చేస్తారు. ఎముకలో మర బిగించేది కూడా సుమారు 5 ఏళ్లు దాటిన తర్వాతనే. "అప్పుడు చూద్దాం" అని వినికిడిని వాయిదా వేయకండి. డొప్ప అందానికి ఆగవచ్చును, మాట ఆగదు. క్రింద మిగిలిన తమ్మెను ఆ శస్త్రచికిత్సలో వాడుకుంటారు గనుక, డాక్టరును అడగకుండా దానికి చెవులు కుట్టించకండి. ఆనాడు సూది క్రింద పెట్టిన ఆచారికి మేము ఋణపడి ఉన్నాము.

ఎముక దారి కూడా పనిచేయని బిడ్డలున్నారు. వారి కోసం 19వ శతాబ్దం చివరలోనే పాలయంకోట్టైలో ఫ్లారెన్స్ స్వెయిన్సన్ అనే దొరసాని బడి పెట్టినది. చేతులతో మాట్లాడే భాష వారిది. అదీ భాషే. ఏ దారిన వచ్చినా బిడ్డకు మాట చేరాలె, అదే ముఖ్యం.

మా వాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. అంతా బాగున్నదని చెబితే అబద్ధమవుతుంది. స, శ ఇంకా సరిగా పలకదు. చిత్తిరై ఎండల్లో పట్టీ చెమటకు తడిసి నెత్తి కమిలిపోతుంది. తల పెరిగినకొద్దీ పట్టీ మార్చాలె. బడిలో కొందరు పిల్లలు వానికి ఒక పేరు పెట్టినారు, అది ఇక్కడ వ్రాయము. చెవి కట్టించుకోవడమా మానడమా అనేది కొంచెం పెద్దవాడైన తర్వాత వాని ఇష్టానికే వదిలినాము. కమ్మలు మా బీరువాలో ఉన్నవి.

పోయిన ఆదివారం వచ్చినప్పుడు ఈ వ్యాసం కోసం కడలమిఠాయి పెట్టి, చెవులు మూసుకొని నమలమని మా పిల్లలతో చెబుతున్నాము. వాళ్లు వేళ్లు చెవుల్లో పెట్టుకొని కేకలు వేస్తున్నారు. వాడు నములుతూ మమ్మల్ని చూచి, "మామా, నాకు ఎప్పుడూ ఇట్లనే వినబడుతుంది. వేళ్లు పెట్టనక్కర లేదు" అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

మీ ఇండ్లలో ఇట్లాంటి బిడ్డలుంటే, పేర్లు వద్దు, ఏ ఊళ్లో ఏ పరీక్ష సులువుగా అయినదో వ్రాయండి. మరొక తల్లికి ఉపయోగపడుతుంది. వచ్చే నెల బావి నీటిలో ఉప్పు పెరిగితే పప్పు ఎందుకు ఉడకదో చూద్దాము.